మిడతల దండు వస్తే ఏం చేయాలి: పొద్దుగూకే వేళ చూడవలసినవి, తెల్లవారేలోగా చేయవలసినవి

2020 మే నెలాఖరులో మహారాష్ట్రలోని నాగ్‌పూర్, అమరావతి జిల్లాల నారింజ తోటల వైపు మిడతల దండు వచ్చిందన్న వార్త తెలియగానే, ఆదిలాబాద్ నుంచి భూపాలపల్లి దాకా సరిహద్దు ఊళ్లలో ఒకటే కలవరం. తెలంగాణ ప్రభుత్వం నిపుణుల కమిటీని వేసింది. ఫైరింజన్లను, పురుగుమందులను సిద్ధంగా ఉంచింది. జూన్‌లో దండు నాగ్‌పూర్ జిల్లా రామ్‌టెక్ దగ్గర ఉందన్నారు. చివరికి అది రాష్ట్రంలో అడుగుపెట్టలేదు. ఆ ఏడాది గాలివాటం మనకు కలిసివచ్చింది. ప్రతిసారీ కలిసివస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి, దండు నిజంగా మీ ఊరి పొలిమేరకు వచ్చిన రోజు ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. దండు అనగానే పళ్లేలు, డబ్బాలు మోగించి తరమాలన్న ఆలోచనే అందరికీ వస్తుంది. కానీ తరిమిన మిడత చావదు. మీ చేలో నుంచి లేచి పక్క ఊరి చేలో వాలుతుంది, అక్కడ తిని మరింత బలంగా ముందుకు పోతుంది. దండును దెబ్బతీయడానికి వీలైన సమయం రోజులో కొద్ది గంటలే: సాయంత్రం అది వాలిన దగ్గర నుంచి మర్నాడు ఎండ ఎక్కే దాకా. కింద చెప్పే పనులన్నీ ఆ కొద్ది గంటలను చేజారనివ్వకుండా ఉండటానికే.

ముందు అది దండు మిడతేనా అని తేల్చుకోండి

2020 మేలోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతలు గుంపులుగా కనబడేసరికి, ఎడారి మిడతలు వచ్చేశాయని జనం హడలిపోయారు. వ్యవసాయ అధికారులు చూసి, అవి స్థానికంగా ఉండే మిడతలేనని చెప్పాక గాని ఊరు కుదుటపడలేదు. ఇలాంటి అపోహ మళ్లీ రాకుండా ఉండాలంటే ఈ రెంటి తేడా తెలియాలి.

జిల్లేడు మిడత చూడగానే కళ్లకు కొట్టే రంగుల్లో ఉంటుంది. పెద్దదైతే నీలి ఆకుపచ్చ ఒంటిపై పసుపు చారలు, పిల్ల దశలో పసుపు ఒంటిపై నల్లని, ఎర్రని చుక్కలు. బద్ధకంగా కదులుతుంది, దూరం ఎగరలేదు. జిల్లేడును వదిలి పెద్దగా ఎటూ పోదు. ఒకే చెట్టుకు వందలు వేలాడినా దాన్ని చూసి భయపడనక్కర్లేదు. వరి చేలల్లో కనబడే చిన్న పచ్చ మిడతలు కూడా ఎప్పుడూ మనతో ఉండేవే. వాటి బెడద ఎక్కువైతే మామూలు సస్యరక్షణతో సరిపోతుంది.

దండు కట్టే ఎడారి మిడత మన మధ్యవేలు పొడవు దాకా ఉంటుంది. రెక్కల మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. కొత్తగా రెక్కలు వచ్చినప్పుడు ఒళ్లంతా లేత గులాబిరంగు. గుడ్లు పెట్టే వయసుకు వచ్చేసరికి ముదురు పసుపు. ఈ రంగును గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది. గులాబిరంగు దండు ఎక్కువ తింటుంది, ఎక్కువ దూరం ఎగురుతుంది. పసుపు దండు మీ నేలలో గుడ్లు పెట్టే అవకాశం ఉంది.

రంగు చూసినా తేలకపోతే నడత చూడండి. పగటి ఎండలో వేలాది మిడతలు గాలి వీచే వైపే ఒక్కటిగా ఎగురుతూ, దొరికిన పచ్చదనం మీదల్లా వాలుతుంటే అది దండు. ఒకే రకం మొక్క మీద కదలకుండా కూర్చుంటే కాదు. అప్పటికీ అనుమానం ఉంటే దగ్గర నుంచి ఒక ఫొటో తీసి, తెలంగాణలో వ్యవసాయ విస్తరణ అధికారికి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ వ్యవసాయ సహాయకుడికి పంపండి. వాళ్లు నిర్ధారించే దాకా వాట్సాప్ గుంపుల్లో పెట్టకండి. లేని దండు గురించి పుట్టిన భయం పది మండలాలను తిరిగి వస్తే, నిజంగా దండు వచ్చిన రోజు మీ మాట ఎవరూ నమ్మరు. ఆ భయంతో అవసరం లేకుండా కొట్టిన మందు మాత్రం నేలలోనే ఉండిపోతుంది.

దండు రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి

ఎడారి మిడత మామూలు రోజుల్లో ఒంటరి పురుగు. ఎడారిలో మంచి వాన పడితే పచ్చదనం మొలుస్తుంది, మిడతల సంతానం పెరుగుతుంది. ఆ పచ్చదనం ఎండిపోతూ చిన్న చిన్న మడులుగా కుదించుకుపోయినప్పుడు మిడతలన్నీ అక్కడే చేరి ఒకదానికొకటి రాసుకుంటాయి. వెనక కాళ్లకు పదేపదే తగిలే ఆ స్పర్శే వాటి స్వభావాన్ని మారుస్తుంది. ఒంటరిగా తిరిగేది గుంపు కడుతుంది, రంగు మారుతుంది. దండు కట్టే మిడతల్లో ఇలాంటి రెండు రూపాలూ ఒకే జాతివని 1921లో కీటక శాస్త్రవేత్త బోరిస్ ఉవరోవ్ చెప్పేవరకు అవి వేర్వేరు మిడతలనే అనుకునేవారు. మిడత నాడీవ్యవస్థలో ఊరే సెరటోనిన్ అనే రసాయనం ఈ మార్పును నడిపిస్తుందని 2009లో తేలింది.

2020 నాటి విపత్తుకు మూలం 2018లో ఉంది. ఆ ఏడాది మేలో మెకును, అక్టోబరులో లుబాన్ అనే తుపానులు అరేబియా ద్వీపకల్పంలోని నిర్మానుష్యమైన ఎడారిలో వానలు కురిపించాయి. మనిషి జాడ లేనిచోట, ఎవరి కంటా పడకుండా మిడతలు తరం తర్వాత తరం పెరిగాయి. అక్కడి నుంచి యెమెన్, సొమాలియా, ఇథియోపియా, కెన్యా ఒకవైపు, ఇరాన్, పాకిస్తాన్, రాజస్థాన్ ఇంకోవైపు. ఈశాన్య కెన్యాలో ఒక్క దండే 2,400 చదరపు కిలోమీటర్ల మేర కమ్ముకుంది. రాజస్థాన్, గుజరాత్‌లలో 2019 మే నుంచి 2020 ఫిబ్రవరి వరకు 4 లక్షల హెక్టార్లకు పైగా భూమిలో నివారణ చర్యలు చేపట్టవలసి వచ్చింది. గుజరాత్‌లోని బనాస్‌కాంఠా వైపు ఆవాలు, జీలకర్ర వేసిన రైతులు చేతికొచ్చే పంటను కళ్ల ముందే పోగొట్టుకున్నారు.

ఇక మనకు పనికొచ్చే లెక్కలు. ఒక్కో మిడత రోజుకు దాదాపు తన బరువంత, అంటే సుమారు 2 గ్రాములు తింటుంది. వింటే చిన్న సంగతే. కానీ ఒక చదరపు కిలోమీటరు దండులో 4 కోట్ల నుంచి 8 కోట్ల మిడతలు ఉండవచ్చు. 4 కోట్ల దండు ఒక్కరోజులో తినే తిండి 35,000 మంది మనుషుల తిండికి సమానమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క. ఆకు, పువ్వు, పిందె, గింజ, లేత బెరడు, ఏదీ వదలవు. గుంపుగా వాలిన బరువుకే కొమ్మలు విరుగుతాయి.

మిడత ఒంటికి సొంతంగా వేడి పుట్టదు. తెల్లవారాక ఎండ కాచుకుని, ఒళ్లు వేడెక్కాకనే లేస్తుంది. సాధారణంగా పొద్దుపొడిచిన రెండు మూడు గంటలకు దండు లేస్తుంది, మన వేసవిలో ఇంకా ముందే లేవవచ్చు. పగలంతా గాలితోపాటు గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రోజుకు 130 కిలోమీటర్ల దాకా, ఒక్కోసారి అంతకుమించి కూడా. సూర్యాస్తమయానికి గంట ముందు నుంచి చెట్లు, పొదలు, చేల మీద వాలడం మొదలుపెడుతుంది. చీకటి పడ్డాక దాదాపు కదలదు. పాకిస్తాన్‌లోని ఒకారా జిల్లాలో 2020లో దీన్నే ఉపయోగించుకున్నారు. రాత్రిపూట చెట్ల మీద, నేల మీద కదలకుండా పడి ఉన్న మిడతలను గ్రామస్థులు సంచుల్లోకి ఎత్తారు. కిలోకు 20 పాకిస్తాన్ రూపాయలు తీసుకున్నారు, ఆ మిడతలు కోళ్ల దాణాలోకి వెళ్లాయి. అక్కడ మందు కొట్టలేదు కాబట్టే అది సాధ్యమైందన్నది మరచిపోకూడదు.

గాలి సంగతి కూడా చెప్పాలి. దండు ఎటు పోతుందో చెప్పడం మిడతంభొట్ల జోస్యం కాదు. గాలి దిశ, ఎక్కడ పచ్చదనం ఉంది, ఈ రెండూ తెలిస్తే చాలావరకు చెప్పవచ్చు. 2020 మేలో రాజస్థాన్ ఎండిపోయి ఉండటంతో దండ్లు తిండి వెతుక్కుంటూ పడమటి గాలులతో మధ్యప్రదేశ్, మహారాష్ట్రల దాకా వచ్చాయి. నైరుతి రుతుపవనాలు బలపడితే గాలి వాటిని ఉత్తరానికి, తిరిగి రాజస్థాన్ వైపు నెడుతుంది. అందుకే మనకు ప్రమాదం ఎక్కువగా మే నుంచి రుతుపవనాలు కుదురుకునే దాకానే. మే చివర్లో చేలు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. మామిడి, బత్తాయి తోటలు, కూరగాయలు, పశుగ్రాసం, నారుమడులు జాగ్రత్త. జూన్‌లో పత్తి మొలకెత్తిన తర్వాత దండు వస్తే మాత్రం నష్టం ఎన్నో రెట్లు ఉంటుంది.

దండు ఇంకా దూరంగా ఉండగానే

మన దేశంలో మిడతల మీద నిఘా పెట్టే మిడతల హెచ్చరిక సంస్థ 1939 నుంచీ ఉంది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లో జోధ్‌పూర్ కేంద్రంగా దాని కార్యాలయాలు పనిచేస్తాయి. దాని ప్రకటనలు, రోమ్ నుంచి ఆహార వ్యవసాయ సంస్థ వెలువరించే నెలవారీ నివేదిక, ఈ రెంటినీ చూస్తే పరిస్థితి ఎలా ఉందో తెలుస్తుంది. విదర్భలో దండు ఉందని అధికారికంగా చెప్పిన రోజు నుంచి ఉత్తర తెలంగాణ ఊళ్లు పనిలోకి దిగాలి.

ఊరికి ఒక జట్టు ఏర్పాటు చేసుకోండి. ఫోను ఎప్పుడూ అందుబాటులో ఉండే ఇద్దరు, ట్రాక్టరుకు బిగించిన స్ప్రేయర్ ఉన్న రైతులు, నీళ్ల ట్యాంకరు ఉన్నవాళ్లు, రాత్రిపూట పొలాల దారులు బాగా తెలిసినవాళ్లు. ఎవరి దగ్గర ఎన్ని పవర్ స్ప్రేయర్లు ఉన్నాయి, వాటిలో పనిచేసేవి ఎన్ని, ఒక కాగితం మీద రాసుకోండి. పగలే ఒకసారి ఆడించి చూడండి. తెల్లవారుజామున నాజిల్ మూసుకుపోతే బాగుచేసుకునే వ్యవధి ఉండదు. వ్యవసాయ విస్తరణ అధికారి, మండల వ్యవసాయ అధికారి, అగ్నిమాపక కేంద్రం నంబర్లు అందరి ఫోన్లలో ఉండాలి. రైతు సమాచారం కోసం కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది. పక్క మండలం, వీలైతే సరిహద్దు అవతలి ఊళ్లవాళ్ల నంబర్లు కూడా సంపాదించండి. దండు వార్త అందరికంటే ముందు వాళ్ల నుంచే వస్తుంది.

వేప గింజలు సేకరించి పెట్టుకోండి. 1962లో ఢిల్లీ మీదికి మిడతలు వచ్చినప్పుడు, అక్కడి భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ప్రధాన్ వేప గింజల ద్రావణం చల్లిన పంట మీద మిడతలు వాలి కూడా తినలేదు. ఈ కషాయం మిడతను చంపదు, మీ మొక్కను దానికి రుచించకుండా చేస్తుంది. 5 కిలోల గింజల పప్పును పొడిచేసి, గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిండి వడగట్టి, 200 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తం 100 లీటర్లు అయ్యేలా నీళ్లు పోయండి. అదే రోజు సాయంత్రం చల్లాలి, నిల్వ ఉంచితే పనిచేయదు. కూరగాయలకు, నారుమడులకు, చిన్న తోటలకు ఇది అందరికీ అందుబాటులో ఉన్న రక్ష. దండు ఒకటి రెండు రోజుల దూరంలో ఉందని తెలిసినప్పుడు చల్లితేనే ప్రయోజనం.

దండు కనబడిన రోజు

మొట్టమొదట ఫోను చేయండి. చేసినప్పుడు "మిడతలు వచ్చాయి" అని ఊరుకుంటే అధికారికి ఏమీ తెలియదు. ఎన్ని గంటలకు కనబడింది, ఎటు నుంచి ఎటు పోతోంది, తల మీదుగా దాటడానికి ఎంతసేపు పట్టింది, పలుచగా ఉందా ఆకాశం కనబడనంత దట్టంగా ఉందా, గులాబిరంగా పసుపా, ఎగురుతూనే ఉందా వాలిందా, ఇవన్నీ చెప్పండి. దండు పోయే దారిలో ఉన్న తర్వాతి ఊరివాళ్లకు కూడా వెంటనే తెలియజేయండి.

ఇక చప్పుళ్ల విషయం. మధ్యాహ్నం దండు మీ తోట పైన ఎగురుతూ వాలబోతుంటే డప్పులు, పళ్లేలు, డబ్బాలు మోగించడంలో తప్పులేదు. పచ్చిగడ్డి, తడి ఆకులు వేసి పొగ పెట్టినా కొంత పనిచేస్తుంది. నారుమడిని, కాపు మీదున్న కూరగాయల మడిని ఆ పూటకు కాపాడుకోవచ్చు. ఎండు మోళ్లు ఉన్న చేలల్లో మాత్రం పొగ పేరుతో నిప్పు పెట్టవద్దు, మే నెల గాలికి అది ఎక్కడికైనా పాకుతుంది.

సాయంత్రం నాలుగున్నర, ఐదు దాటాక తరమడం ఆపేయండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. సొంత చేలో మిడతలు తింటుంటే చేతులు కట్టుకుని నిలబడమనడం ఏ రైతుకైనా గుండెకోతే. కానీ ఆ వేళలో లేపిన దండు చీకట్లో చెదిరి, నాలుగైదు చోట్ల ముక్కలుగా వాలుతుంది. ఎక్కడెక్కడ వాలిందో ఎవరికీ తెలియదు. అన్ని చోట్లకూ స్ప్రేయర్లు చేరవు. మర్నాడు అదే దండు మళ్లీ కలిసి లేస్తుంది. ఒకేచోట వాలనిస్తే ఆ రాత్రే దాని కథ ముగించవచ్చు. ఒక రైతు చేను ఊరందరి కోసం ఒక రాత్రి నష్టపోతుంది కాబట్టి, ఆ రైతుకు విత్తనానికో దున్నకానికో ఊరంతా కలిసి ఆదుకుంటామన్న మాట ముందుగానే ఇచ్చుకోవాలి. గ్రామసభలో అనుకుని ఉంచుకోవలసిన అసలు సంగతి ఇదే. దీన్ని తేల్చుకోకుండా ఎన్ని యంత్రాలు తెచ్చినా ఆ సాయంత్రం ఎవరి చేను వాళ్లు కాపాడుకోవడంతోనే గడిచిపోతుంది.

పొద్దుగూకే వేళ ఇద్దరు ముగ్గురు బైకుల మీద దూరం నుంచే దండును గమనించాలి. వాలిన చోటుకు నాలుగు మూలలా గుర్తులు పెట్టి, ఫోనులో ఆ చోటును నమోదు చేసి, అధికారులకు పంపాలి. ఏ చెట్ల మీద ఎక్కువ ఉన్నాయి, ఎంత ఎత్తున, ట్రాక్టరు అక్కడిదాకా పోగలదా, దగ్గర్లో బావి, చెరువు, తేనెపెట్టెలు, పశువుల కొట్టాలు ఉన్నాయా అన్నవి చీకటి పడేలోగా చూసి రాసుకోండి. అడవిలో వాలితే అటవీ శాఖకు చెప్పకుండా ఏ మందూ కొట్టకూడదు. మే నెలలో తునికాకు కోసం తెల్లవారకముందే జనం అడవికి పోతారు, వాళ్లకు ఆ రాత్రే కబురు అందాలి.

రాత్రి, తెల్లవారుజాము

చిమ్మచీకట్లోనే పని మొదలు కావాలి, ఎండ ఎక్కేలోగా ముగియాలి. ఎత్తైన చెట్ల మీద ఉన్న మిడతలకు ఫైరింజన్, ట్రాక్టరు స్ప్రేయర్, పొదల్లో, నేల మీద ఉన్నవాటికి పవర్ స్ప్రేయర్. ట్రాక్టరు పోలేని చోట్ల డ్రోన్లు పనికొస్తాయి. 2020లో రాజస్థాన్‌లో వాటిని ఈ పనికి బాగా వాడారు.

మందుల్లో మలాథియాన్, క్లోరిపైరిఫాస్, లామ్డా సైహలోత్రిన్, డెల్టామెత్రిన్ వంటివి మిడతల మీద వాడతారు. మోతాదు నేను రాయడం లేదు. స్ప్రేయర్‌ను బట్టి, మందు గాఢతను బట్టి అది మారుతుంది, ఏ మందుకు ఎక్కడ అనుమతి ఉందో కూడా కాలంతో మారుతుంది. వ్యవసాయ అధికారి రాసిచ్చిన మోతాదునే పాటించండి. ప్రభుత్వ బృందాలు వాడే 96 శాతం మలాథియాన్‌ను నీళ్లు కలపకుండా, హెక్టారుకు సుమారు లీటరు చొప్పున, ప్రత్యేక యంత్రాలతో మంచులా చల్లుతారు. దాన్ని మీ చేతి స్ప్రేయర్‌లో పోసుకోవాలన్న ఆలోచన కూడా చేయకండి.

మందు గాలి పోయే వైపే, మీకు దూరంగా పడేలా పట్టుకుని, గాలికి అడ్డంగా నడుస్తూ కొట్టాలి. గాలి జోరుగా ఉన్నా, వాన వచ్చేలా ఉన్నా ఆపండి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు వేసుకోండి. మన దగ్గర చాలామంది తుండుగుడ్డ ముక్కుకు కట్టుకుంటే చాలనుకుంటారు. తడిసిన తుండుగుడ్డ మందును ముఖానికి అంటిపెట్టే ఉంచుతుంది. పిల్లలు, గర్భిణులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పని మధ్యలో బీడీ, తంబాకు, తిండి వద్దు. ఎవరికైనా విపరీతంగా చెమటలు పట్టి, నోట్లో చొంగ కారి, వాంతులు అవుతూ, చూపు మసకబారితే అది ఎండదెబ్బ అనుకుని కాలయాపన చేయవద్దు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోను చేయండి. మందు డబ్బాను, దాని మీదున్న చీటీని ఆస్పత్రికి వెంట తీసుకుపోండి. వాంతి చేయించే ప్రయత్నం చేయకండి.

తేనెటీగలు పెంచేవాళ్లకు ముందురోజు సాయంత్రమే చెప్పండి. పెట్టెలను వేరేచోటికి తరలించడమో, గూడులో ఈగలన్నీ చేరాక మూసి ఉంచడమో వాళ్లు చూసుకుంటారు. దండు పోయాక తోటలో పూత నిలిచి కాయ కట్టాలంటే ఆ ఈగలే కావాలి.

ఇంట్లో, పశువుల దగ్గర

మిడత మనిషిని కుట్టదు, ఒంటికి రోగం అంటించదు. దాని వల్ల మనకు వచ్చే ఇబ్బందులు వేరు. దట్టమైన దండు మధ్య ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి ఇబ్బంది కావచ్చు, వాళ్లను ఇంట్లో ఉంచి తలుపులు, కిటికీలు మూయండి. రోడ్డు మీద నలిగిన మిడతల వల్ల బండి జారుతుంది, నెమ్మదిగా పోండి. బావులు, సంపులు, నీళ్ల తొట్లు కప్పి ఉంచండి. అందులో పడి కుళ్లితే ఆ నీరు తాగడానికి పనికిరాదు.

మందు కొట్టిన చోట చచ్చిన మిడతలను కోళ్లు ఏరుకు తినకుండా రెండు మూడు రోజులు గంప కింద పెట్టండి. ఆ చేలో పశువులను మేపకూడదు, అక్కడి గడ్డి కోయకూడదు. ఎన్ని రోజులన్నది మందు చీటీ మీద ఉంటుంది. చచ్చిన మిడతలను తొడుగులు వేసుకుని పోగుచేసి, బావికీ చెరువుకూ దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.

గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్లకు ఒక మాట. అరబ్బు దేశాల్లో మిడతలను వండుకుని తినడం పాత అలవాటు, కొన్నిచోట్ల సంతలో అమ్ముతారు. దండు మీద మందు చల్లుతున్న రోజుల్లో వాటిని ముట్టకండి. వేయించినంత మాత్రాన మందు పోదు.

దండు పోయాక పంటకు

మొలక దశలో పత్తి, కంది చిగురు కొసలు పోయి ఉంటే అవి కోలుకుంటాయని ఎదురుచూస్తూ అదను పోగొట్టుకోవద్దు. రెండు మూడు చోట్ల మొక్కలు లెక్కపెట్టి చూడండి, సగానికి పైగా కొస లేకుండా ఉంటే మళ్లీ విత్తుకోవడమే మేలు. పెద్ద మామిడి, బత్తాయి చెట్లు ఆకు పోగొట్టుకున్నా చావవు. బెరడు కొరికిన చోట మైలుతుత్తం, సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పూసి, నీరు పెట్టి, కొత్త చిగురు వచ్చాక ఎరువు వేయండి. ఆ ఏటి కాపు మీద మాత్రం ఆశ పెట్టుకోలేం.

పరిహారం కోసం ఆ రోజే పని మొదలుపెట్టాలి. విపత్తు సహాయ నిధుల నిబంధనల్లో చీడపురుగుల దాడి కూడా విపత్తుగానే ఉంది. 33 శాతం, అంతకుమించి పంట దెబ్బతింటే ఇన్‌పుట్ సబ్సిడీకి అవకాశం ఉంటుంది. తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది వచ్చి నమోదు చేసే దాకా చేను దున్నకండి. దున్నక తప్పకపోతే ఒక మూల అలాగే వదలండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్‌లో మీ పంట నమోదై ఉందా లేదా సరిచూసుకోండి. కౌలు రైతులు తమ పేరు మీదే నమోదు అయ్యేలా పట్టుబట్టాలి.

పసుపు దండు వాలిన చోటును వదలకండి

వాలినవి పసుపురంగువైతే మీ పని ఇంకా ఉంది. ఆడ మిడత తడి ఉన్న ఇసుక నేలలో తోకను 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతుకు దించి, గుడ్ల కట్ట పెట్టి, పైన నురగతో మూస్తుంది. ఒక్కో కట్టలో దాదాపు 80 గుడ్ల దాకా ఉంటాయి. బిగుతుగా ఉండే నల్లరేగడి వాటికి అంతగా అనువు కాదు. వాగుల ఒడ్లు, ఇసుక పర్రలు, దుబ్బ నేలలు వెతకండి. నేల మీద ఒకదాని పక్కన ఒకటిగా చిన్న రంధ్రాలు, ఎండిన నురగ కనబడితే అక్కడ కర్రలు పాతి గుర్తుపెట్టి అధికారులకు చెప్పండి. మన వేడికి రెండు వారాల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఆలోగా లోతుగా దున్నితే గుడ్లు ఎండకు, పక్షులకు చిక్కుతాయి.

దున్నలేని చోట పిల్ల మిడతల కోసం చూడండి. వాటికి రెక్కలు ఉండవు, ఎగరలేవు. గుంపుగా ఒకే దిక్కుకు గెంతుతూ పోతాయి. అవి పోయే దారికి అడ్డంగా రెండడుగుల లోతు కందకం తవ్వి, రెమ్మలతో అదిలిస్తూ అందులోకి తోలి, వెంటనే మట్టితో పూడ్చవచ్చు. మందు కొట్టినా పెద్ద మిడతలకు కావలసినంత అక్కర్లేదు. అయిదుసార్లు కుబుసం విడిచి రెక్కలు రావడానికి వాటికి 30 నుంచి 40 రోజులు పడుతుంది. కాబట్టి దండు వాలిన తేదీని రైతు వేదికలోనో రైతు సేవా కేంద్రంలోనో గోడ మీద రాసిపెట్టి, పదో రోజు నుంచి రెండు నెలలు నిండే దాకా మూడు రోజులకు ఒకసారి ఇద్దరు మనుషులు ఆ ఇసుక నేలలన్నీ పొద్దున్నే నడిచి చూసిరావాలి. నల్లని చిన్న మిడతలు గుంపుగా కనబడితే ఆ పూటే వ్యవసాయ అధికారికి ఫోను చేసి, కందకం పని మొదలుపెట్టండి.